వాటా, వాటా, కూలీ

మా పెద్దనాయిన పోయాక ఆయన బీరువా సర్దే పని నా మీద పడింది. ఇంట్లో సివిల్ ఇంజనీరింగ్ చదివింది నేనొక్కదాన్నే. “ఆ కాగితాలేందో నువ్వే చూడు బిడ్డా, నాకేం తెల్వదు” అంది పెద్దమ్మ. బట్టలు, బ్యాంకు పుస్తకాలు ఒక్క పూటలో తేలిపోయాయి. ప్లాన్లకు మాత్రం మూడు రోజులు పట్టింది. గుండ్రంగా చుట్టి పెట్టినవి నూరుకు పైనే ఉన్నాయి. వాటికి వేసిన రబ్బరు బ్యాండ్లు పాలమూరు ఎండలకు కరిగి కాగితానికే అంటుకుపోయాయి. విప్పి వదిలితే మళ్లీ చుట్టుకుపోతున్నాయి. నాలుగు మూలల మీద నాలుగు పప్పు డబ్బాలు పెట్టి ఒక్కొక్కటే చూశాను.

ఒక ప్లాను దగ్గర ఆగిపోయాను. న్యూటౌన్‌లో ఒక టీచరు గారి రెండంతస్తుల ఇల్లు. అమ్మోనియా ప్రింటు. మా ఊళ్లో దాన్ని అందరూ బ్లూప్రింట్ అనే అంటారు గాని, అసలు బ్లూప్రింట్‌లో నీలం మీద తెల్ల గీతలుంటాయి, ఇందులో తెలుపు మీద నీలం గీతలు. ముప్పై ఏళ్లు దాటినా ముక్కు దగ్గర పెట్టుకుంటే ఆ ఘాటు ఇంకా ఉన్నట్టే ఉంది. నా భ్రమేమో. కుడివైపు కింది మూలన మూడు గళ్లు. గీసినవారు, మా పెద్దనాయిన. సరిచూసినవారు, ఓవర్సీర్ సారు, లైసెన్సు నంబరున్న రబ్బరు స్టాంపుతో సహా. మూడో గడిలో ఇంటి యజమాని సంతకం.

కాగితం తిప్పితే వెనక పెన్సిల్ గీతలు కనిపించాయి. స్కేలు పెట్టి గీసినవి కావు. మెట్ల బొమ్మ, దాని పక్కన ఒక గోడ, గోడను పక్కకు నెడుతున్నట్టు ఒక బాణం, 19 అనీ 10 అనీ రెండు అంకెలు. ఆ 9 తోక లేకుండా సున్నాకు చెవి తగిలించినట్టు ఉంది. అట్లా రాసేది ఒక్కడే. మేస్త్రి మామ. ఇల్లు కట్టింది ఆయన. మెట్లు మార్చిందీ ఆయనే. ముందువైపు మూడు గళ్లలో ఎక్కడా ఆయన లేడు.

ఆ మూడు రోజుల తర్వాతే ఇది రాయాలనిపించింది. క్లాక్‌టవర్ దగ్గర ఎరువుల దుకాణం మీద రెండు గదుల్లో పెద్దనాయిన, ఓవర్సీర్ సారు, మేస్త్రి మామ కలిసి నడిపిన ఇళ్ల ప్లాన్ల ఆఫీసది. దానికి చరిత్ర ఏముంటుందని అడగొచ్చు. హైదరాబాద్ గురించైతే ఎవరూ ఇట్లా అడగరు. ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ ఎవరు కట్టారంటే బెల్జియం ఆర్కిటెక్టు జాస్పర్ పేరు చెప్తారు, నవాబ్ జైన్ యార్ జంగ్ పేరు చెప్తారు, 1939లో తెరిచారని చెప్తారు. మా పాలమూరులో న్యూటౌన్ ఎవరు కట్టారని అడిగి చూడండి. ఇంటాయన “నేనే కట్టుకున్న” అంటాడు. లోను తీర్చాడు కాబట్టి ఆయన దృష్టిలో అది నిజమే. కానీ 1980, 90లలో ఇక్కడ లేచిన ఇళ్లు ఒకదానికొకటి చుట్టాల్లా ఉంటాయి. అదే వరండా, అదే సిమెంటు జాలీ, దర్వాజకు రెండు పక్కలా అవే చిన్న కిటికీలు. అట్లా ఎందుకున్నాయంటే వాటిని గీసిన చేతులు పదికి మించవు కాబట్టి. ఆ చేతుల్లో రెండు మా పెద్దనాయినవి.

ఆయన గీత నేర్చుకున్న చోటు చెప్తే నమ్మబుద్ధి కాదు. రాజావారి బంగళాలో! వనపర్తి సంస్థానం పోయాక ఆ ప్యాలెస్‌లోనే 1959లో పాలిటెక్నిక్ పెట్టారు. పల్లెల నుంచి వచ్చిన పిల్లలు, అప్పటిదాకా మట్టి మిద్దెల్లో, గూనపెంకుల ఇళ్లల్లో పెరిగినవాళ్లు, ఆ ఎత్తైన కమానుల కింద టీ-స్క్వేర్ అనే గీతబద్ద పట్టుకుని నిలబడ్డారు. పెద్దనాయిన మొదటి ఏడాదంతా కిటికీలే చూశాడట. “పుస్తకంలో కమాను బొమ్మ ఉంటె తల పైకెత్తితె అసలుది కనపడేది” అనేవాడు. డిప్లొమా పూర్తయ్యేసరికి కమాన్ల మోజు పోయింది. బయట కావలసింది సిమెంటు స్లాబు. సర్కారు ఉద్యోగానికి రెండేళ్లు తిరిగి, దొరక్క, పాలమూరులో ఒక గది అద్దెకు తీసుకున్నాడు.

మేస్త్రి మామ చదువుకున్న చోటు వేరు. దేవరకద్ర దిక్కు పల్లె. వాళ్ల నాయిన, అమ్మ నాగార్జునసాగర్ పనికి పోతే సంకలో పోయినవాడు. 1955 డిసెంబరులో నెహ్రూ అక్కడ శంకుస్థాపన చేస్తే, 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ వచ్చి కాలువలకు నీళ్లు వదిలింది. మధ్యలో ఉన్న పన్నెండేళ్లలో ఆయన సంక దిగాడు, నడిచాడు, రాయి మోశాడు, తాపీ పట్టాడు. సాగర్ ప్రధాన డ్యాము కాంక్రీటుది కాదు, రాతికట్టడం. 124 మీటర్ల ఎత్తు. రాయి మీద రాయి పెట్టి, మధ్యన సందు లేకుండా మాలు నింపి లేపినది. గోడ మట్టం కంటితో చూసి చెప్పే విద్య ఆయనకు అక్కడే అబ్బింది. పాలమూరు లేబర్ అనే మాట దేశమంతా తెలుసు. ఎక్కడ డ్యాము కడుతున్నా, కాలువ తవ్వుతున్నా మా జిల్లావాళ్లు ఉంటారని గొప్పగా చెప్పుకుంటాం. మా దగ్గర నీళ్లు లేక, పంట లేక పోయారన్న సంగతి మాత్రం ఆ గొప్పలో కలపం.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మేస్త్రి అనే పదానికి మా దిక్కు రెండర్థాలున్నాయి. తాపీ పట్టేవాడూ మేస్త్రే. పల్లెల్లో అడ్వాన్సులిచ్చి, వేలిముద్రలు వేయించుకుని, మనుషుల్ని గుంపుగా లారీ ఎక్కించే గుంపు మేస్త్రీ మేస్త్రే. మామకు ఈ రెండో రకం మీద జీవితాంతం కోపం. ఎవరైనా కొత్తగా వచ్చి “మీరేనా మేస్త్రి?” అంటే, “గోడల మేస్త్రిని, మనుషుల మేస్త్రిని కాదు” అనేవాడు.

మూడో ఆయన ఓవర్సీర్ సారు. సర్కారు కట్టడాల పనులు చూసే కొలువులో రిటైరైనవాడు, ఉర్దూ మీడియం చదువు. అందర్నీ “మియా” అని పిలిచేవాడు, నన్ను కూడా. రోజూ పదకొండుకు వచ్చి, చాయ్ తాగి, ఎస్టిమేట్లు చూసి, స్టాంపు వేసి, ఒంటి గంటకు పోయేవాడు. ఆ రెండు గంటలే ఆఫీసుకు ఊపిరి. మున్సిపల్ ఆఫీసులో ఏ ఫైలు ఏ బల్ల మీద ఎన్నాళ్లు పడుకుంటుందో ఆయనకు తెలుసు.

అసలు ఇట్లాంటి ఆఫీసులు ఆ రోజుల్లో ఎందుకు పుట్టాయో చెప్తే ఇప్పటివాళ్లకు వింతగా ఉంటుంది. సిమెంటు కోసం. 1982 దాకా సిమెంటు పూర్తిగా కంట్రోల్ సరుకు. ఆ ఏడాది కొంత సడలించారు, కంట్రోల్ పూర్తిగా ఎత్తేసింది 1989లో. అంతకుముందు ఇల్లు కట్టాలంటే సిమెంటుకు పర్మిట్ కావాలి. పర్మిట్ అంటే అర్జీ, అర్జీ అంటే ప్లాను, ఎస్టిమేటు. మనిషికి ప్లాను మీద మోజు ఉండి కాదు, బస్తాల లెక్క కాగితం మీద చూపాలి కాబట్టి మా పెద్దనాయిన ఆఫీసు మెట్లెక్కేవాడు. ఎక్కాక, “వంటింటి కిటికీ ఇటు పెడ్తె పొగ బయటికి పోతది” అని ఆయన చెప్తే, “అవునా” అని కూర్చునేవాడు. మా ఊళ్లో ఇంటి డిజైను అనేది అట్లా సిమెంటు బస్తా వెనక నక్కి లోపలికొచ్చింది.

బోర్డు కథ కూడా చెప్పాలి. మొదట పెయింటరు చేత పెద్ద అక్షరాలతో “ఆర్కిటెక్ట్స్” అని రాయించారు. నెల తిరక్కముందే ఎవరో పెద్దమనిషి వచ్చి, 1972 నాటి ఆర్కిటెక్టుల చట్టం ప్రకారం వాళ్ల కౌన్సిల్‌లో పేరు నమోదైనవాళ్లు తప్ప ఎవరూ ఆ మాట పెట్టుకోకూడదని చెప్పి పోయాడు. నిజమే, ఆ చట్టం కాపాడేది ఆ బిరుదును. ఇల్లు డిజైను చేయడం అందరికీ నిషిద్ధమేమీ కాదని, బిరుదు వాడుకోవడమే నిషిద్ధమని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది గాని, అప్పుడు అంత వివరం ఎవరికి తెలుసు? మర్నాడే దాని మీద తెల్ల రంగు పూసి “ప్లాన్లు, ఎస్టిమేట్లు, నిర్మాణం” అని రాయించారు. నాసి రంగు. వానకాలంలో గోడ చెమ్మగిల్లితే పాత అక్షరాలు కింద నుంచి లేచేవి. బడి వదిలాక ఆఫీసుకు వచ్చి పెన్సిళ్లు చెక్కడం నా డ్యూటీ. ఆ బోర్డు కింద నిలబడి రెండు రాతలనూ కలిపి చదవడం నాకు ఒక ఆట.

పెన్సిళ్లు చెక్కుతూ నేను ఎక్కువగా చూసింది పెద్దనాయిన గీకడం. ట్రేసింగ్ కాగితం మీద ఇంకుతో గీసిన గీత తప్పితే రబ్బరుతో పోదు. సగం విరిచిన షేవింగ్ బ్లేడును వేళ్ల మధ్య వంచి పట్టుకుని, ఊపిరి బిగబట్టి, కాగితం చిరగకుండా సిరాను మాత్రం పొట్టులా లేపేవాడు. తర్వాత ఆ చోటును గోటితో రుద్ది నున్నగా చేసేవాడు, లేకపోతే కొత్త సిరా పాకుతుంది. ఒక గోడ చెరపాలంటే పావుగంట. ఇప్పుడు నేను హైదరాబాద్‌లో స్ట్రక్చరల్ ఆఫీసులో పని చేస్తాను. గోడ మీద క్లిక్ చేసి డిలీట్ నొక్కుతాను. చెరపడం అంత కష్టంగా ఉన్నప్పుడు గీసేముందు ఎవర్నో ఒకర్ని అడగాలనిపిస్తుంది. పెద్దనాయిన అడిగేది మేస్త్రి మామను. పొద్దుగూకాక సైటు నుంచి సిమెంటు చేతులతో వచ్చి, టేబుల్‌కు ఆమడ దూరాన నిలబడి, ప్లాను ముట్టుకోకుండా కళ్లతోనే చదివేవాడు. “గీ అర్ర సీకటైతది” అనేవాడు. అంతే. పెద్దనాయిన బ్లేడు తీసేవాడు.

ఇక ఆ మెట్లు. కింది ఫ్లోరు నుంచి పై ఫ్లోరుకు పదడుగులు, అంటే 120 అంగుళాలు. పెద్దనాయిన పద్ధతి ప్రకారం 18 మెట్లు వేశాడు. ఒక్కో మెట్టు ఎత్తు ఆరూ ముప్పాతిక కన్నా కొంచెం తక్కువ. మధ్యలో ల్యాండింగ్, కింద తొమ్మిది, పైన తొమ్మిది. చక్కగా ఉంది. పునాది లేచి గోడలు నడుస్తుండగా ఎవరో ఇంటాయన చెవిలో వేశారు, మెట్లు సరిసంఖ్య ఉండకూడదు, బేసి ఉండాలని. ఆయన ఆఫీసుకు వచ్చి పట్టుబట్టాడు. పెద్దనాయిన విసుక్కుని, ఒకటి తగ్గించి 17 చేయమన్నాడు. కాగితం మీద అదే సులువు. గది మారదు, మెట్టు ఎత్తు ఏడంగుళాలు దాటుతుంది, అంతే కదా.

మేస్త్రి మామ సైటు మీద ఆ ఇంటి ముసలమ్మను చూశాడు. ఇటుకల కుప్ప మీద కూర్చుని రోజూ పని చూసేదట. లేచేటప్పుడు రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి, ఒకసారి ఊగి లేచేది. ఆమె ఎక్కాల్సిన మెట్లు అవి. ఆయన 17 వేయలేదు, 19 వేశాడు. ఎత్తు ఆరుంబావు దగ్గరికి దిగింది. కానీ కింద పది, పైన తొమ్మిది అయ్యేసరికి కింది వరుసలో కాలు పెట్టే పలక ఒకటి పెరిగింది. దానికి పది అంగుళాలు కావాలి. మెట్ల కింది కొసన స్టోరు రూము గోడ ఉంది. దాన్ని జరపాలి. సైటులో కాగితం వేరే లేక, చేతిలో ఉన్న ప్లానునే తిప్పి, వెనకవైపు గీసి కూలీలకు చూపించాడు. బేసి సంఖ్య కుదిరింది, ఇంటాయన సంతోషపడ్డాడు. ముసలమ్మకు ఎవరూ ఏమీ చెప్పలేదు. చెప్పాల్సిన పనేముంది?

పెద్దనాయిన మాత్రం ఆ సాయంత్రం కోపగించుకున్నాడు. ప్లాను ఒకటి, కట్టింది ఒకటి అయితే స్టాంపు వేసిన సారు మాట ఏం కావాలని. తర్వాత తానే పోయి ఆ మెట్లు ఎక్కి దిగి వచ్చాడు. అప్పటి నుంచి ముసలివాళ్లున్న ఇల్లు ఏదైనా, ముందే 19 గీసేవాడు. ఆ కాలపు ఇళ్లలో మెట్లు నెమ్మదిగా ఉంటాయని మా ఊళ్లో అందరూ అంటారు. డిప్లొమా పుస్తకంలో లేని విషయం ఒక మేస్త్రి నుంచి ఒక గీతగాడికి వచ్చి, అక్కడి నుంచి ఊరికి పాకిన దారి ఇది. వాళ్ల ఆఫీసు గొప్పతనం ఏమిటని ఎవరైనా అడిగితే నేను ఈ దారినే చూపిస్తాను.

అట్లాగని వాళ్లను దేవుళ్లను చేయబోవడం లేదు. ఈ ముగ్గురూ కలిసి మా ఊరికి చేసిన కీడు కూడా ఉంది. మట్టి మిద్దెలు, నడుమ ఆకాశం కనిపించే భవంతి ఇళ్లు కూలగొట్టించి స్లాబు డబ్బాలు లేపింది వీళ్లే. మిద్దె అంటే దూలాల మీద దంతెలు, వాటి మీద కట్టెలు, ఆకు, ఆ పైన జానెడు మందాన మట్టి, మీద చౌడు. ఏటా వానలకు ముందు చౌడు మట్టి పోసి తొక్కాలి, ఎలుకలు, తేళ్లు, కురిస్తే బొట్లు. ఆ బాధ పడినవాళ్లు స్లాబు కోరుకున్నారంటే తప్పు పట్టను. కానీ అయిదు అంగుళాల కాంక్రీటు పగలంతా తాగిన ఎండను రాత్రి పదింటికి మన మంచం మీద కక్కుతుందని మేస్త్రి మామకు తెలుసు. పైన ఇటుక ముక్కలు, సున్నం వేసి గచ్చు చేద్దామని ఒకటి రెండు ఇళ్లలో అన్నాడు. ఖర్చు అన్నారు. పెద్దనాయిన ఎస్టిమేటులో దానికి వరుసే పెట్టలేదు. నడిమింట్లో ఆకాశం కనిపించే భవంతిని ఒక్కదాన్నైనా కొత్త ప్లానులో నిలబెట్టి చూపించే ధైర్యం కూడా చేయలేదు. వరండా పెట్టాడు, షాబాదు బండలు పరిపించాడు, వెంటిలేటర్లు పెట్టాడు, అంతవరకే. ఫ్యానూ కూలరూ వచ్చి ఆయన తప్పును కప్పేశాయి.

ఇంతకన్నా పెద్ద తప్పు బీరువా అడుగున దొరికింది. ఎర్ర అట్ట లెక్కల పుస్తకం. చిన్నప్పటి నుంచి పెద్దనాయిన నోట విన్న మాట ఒకటే: “ఆఫీసు మా ముగ్గురిది.” పుస్తకంలో ప్రతి ఇంటికీ ఒక పేజీ ఉంది. ఖర్చులు పోగా మిగిలింది కింద మూడు వరుసల్లో పంచి రాశాడు. మొదటి వరుస తన పేరు, ఎదురుగా “వాటా.” రెండో వరుస ఓవర్సీర్ సారు, “వాటా.” మూడో వరుస మేస్త్రి మామ, “కూలీ.” ఒక పేజీ కాదు. తిప్పుకుంటూ పోయాను. వాటా, వాటా, కూలీ. పండగ నెలల్లో నాలుగో వరుసలో చిన్నగా “మేస్త్రికి బట్టలు” అని.

పుస్తకంతో పాటు స్టాంపు పేపరు మీద పార్ట్‌నర్‌షిప్ డీడ్ కూడా ఉంది. ఇద్దరి పేర్లే. రిజిస్టర్ చేయించలేదు. మన దేశంలో భాగస్వామ్య చట్టం 1932 నాటిది, దాని ప్రకారం ఫర్మ్ రిజిస్టర్ చేయించడం తప్పనిసరి కాదు, నోటి మాట మీద కూడా భాగస్వామ్యం నడుస్తుంది. కానీ రిజిస్టర్ కాని ఫర్మ్, తనకు రావలసిన డబ్బు కోసం బయటివాళ్ల మీద దావా వేయలేదు. ఇది మా వాళ్లకు ఆలస్యంగా తెలిసింది. ఒక ప్రైవేటు స్కూలుకు పై అంతస్తు కట్టారు, చివరి బిల్లు ఎగ్గొట్టారు. వకీలు దగ్గరికి పోతే మొదటి ప్రశ్నే, “ఫర్మ్ రిజిస్ట్రేషన్ ఉందా?” అని. అంతటితో ఆ బిల్లు కథ ముగిసింది. ఆ ఏడాది చలికాలంలో ఓవర్సీర్ సారు పోయాడు. ఒక భాగస్వామి చనిపోతే ఏం చేయాలో డీడ్‌లో రాసుకోకపోతే చట్టం ప్రకారం ఫర్మ్ రద్దయినట్టే. రాసుకోలేదు. పెద్దనాయిన అదే గదిలో తన ఒక్కడి పేరు మీద కూర్చున్నాడు. మేస్త్రి మామ అడుగుకింత అని రేటు మాట్లాడుకుని పనికి వచ్చేవాడు, అట్లా నాలుగైదేళ్లు. తర్వాత అదీ ఆగింది. స్కూలు బిల్లులో మునిగిన కూలీల డబ్బు మామ తన ఎకరంన్నరలో అర్ధెకరం అమ్మి కట్టాడని నాకు ఇన్నేళ్ల తర్వాత, వాళ్ల కోడలు చెప్తే తెలిసింది. వాటా లేదు గాని నష్టం వచ్చింది చూడండి.

చట్టం సంగతే మాట్లాడితే, ఎవరు భాగస్వామి అన్నది కాగితం మీద రాసుకున్న పేరును బట్టి ఒక్కటే తేల్చకూడదని, వాళ్ల మధ్య అసలు సంబంధం ఎట్లా నడిచిందో అంతా కలిపి చూడాలని అదే 1932 చట్టంలో ఉంది. చూద్దాం. డిజైను మార్చే అధికారం ఆయనకుంది. కూలీలను పెట్టేది, తీసేది ఆయన. నష్టం వస్తే భూమి అమ్మింది ఆయన. ఇదంతా చేసినవాణ్ణి కూలీ అని రాసిన పెద్దనాయిన మీద నాకు కోపం వచ్చింది. పోయినవాడి మీద కోపం ఎటు పోవాలో తెలియక, పుస్తకం పట్టుకుని దేవరకద్ర బస్సెక్కాను.

మేస్త్రి మామకు డెబ్బై దాటాయి. అరుగు మీద కూర్చుని ఉన్నాడు. పుస్తకం చూపించి అడిగితే నవ్వాడు.

“మీ పెద్దనాయిన అడగలేదనుకుంటున్నవా? రెండుసార్లు అడిగిండు, కాయితం మీద పేరు పెడ్తనని. నేనే వద్దన్న.”

“ఎందుకు మామా?”

“మా నాయిన సాగర్ పనికి పోయేటప్పుడు గుంపు మేస్త్రి కాయితం మీద ఒక్కసారి వేలు పెట్టిండు. ఆ లెక్క తెగనీకి మా అమ్మ పుస్తె పోయింది. కాయితం మీద పేరుంటె లాభమే వస్తదా బిడ్డా? అప్పు రాదా?”

ఆయన చెప్పిందాంట్లో తప్పు లేదు. ఫర్మ్ అప్పులకు ప్రతి భాగస్వామీ తన సొంత ఆస్తితో సహా బాధ్యుడే. చదువుకున్న మా పెద్దనాయినకు ఆ భయం లేదు, చదువుకోని ఆయనకు ఉంది. ఎవరు ఎక్కువ తెలిసినవారో చెప్పండి. నేను ఇంటికి వచ్చాక చాలా రోజులు ఇదే ఆలోచించాను. మామ వద్దనడం పెద్దనాయినకు సరిపోయిందా? నా మట్టుకు నాకు సరిపోలేదు. లాభంలో వాటా ఇస్తూ, నష్టం మీ మీద పడదని తమలో తాము రాసుకోవచ్చు. బయటి అప్పులవాడికి అది అడ్డు కాకపోయినా, ముగ్గురి మధ్య లెక్క తేలుతుంది. అసలు కాగితమే వద్దనుకుంటే, కనీసం సొంత పుస్తకంలో “కూలీ” అన్నచోట “వాటా” అని రాయడానికి ఎవరి వేలిముద్రా అక్కర్లేదు. ఆ పుస్తకం చూసేది తానొక్కడే. తన కళ్లకు తాను కూడా అట్లా రాసుకోలేకపోయాడంటే, బల్ల దగ్గర కుర్చీలో కూర్చున్న డిప్లొమాకు, ఆమడ దూరాన నిలబడ్డ సిమెంటు చేతులకు మధ్య ఉన్నదేదో అడ్డుపడింది. ఆ ఆఫీసులో మూడో కుర్చీ ఎన్నడూ లేదు. చిన్నప్పుడు నాకది తోచనే లేదు, ఎందుకంటే నేను కూర్చునేది కిటికీ గట్టు మీద.

పాతకాలం ఇంతకన్నా ఘోరమని అనుకుంటాం గాని, ఈ ఒక్క విషయంలో కాకపోవచ్చు. మా పాత పాలమూరు జిల్లాలోని ఆలంపురం నవబ్రహ్మ ఆలయాలు కట్టించిన బాదామి చాళుక్యులే కర్ణాటకలో పట్టదకల్లు విరూపాక్షాలయమూ కట్టించారు, ఎనిమిదో శతాబ్దంలో, రాణి లోకమహాదేవి పేర. ఆ గుడి గోడ మీద రాణితో పాటు కట్టినవాడి పేరు కూడా ఉంది: గుండ. ఆయనకు ఇచ్చిన బిరుదు, చేసిన సన్మానం కూడా చెక్కారు. అక్కడి శాసనాల్లో కట్టినవాణ్ణి సూత్రధారి అన్నారు. నాటకాల సూత్రధారి కాదు, సూత్రం పట్టినవాడు. సూత్రమంటే దారం. మేస్త్రి మామ పునాది ముగ్గు పోసేముందు రెండు మేకులకు కట్టే పురికొస అదే. మూడడుగులు ఒకవైపు, నాలుగడుగులు ఒకవైపు కొలిచి, మధ్య వాలుగా అయిదడుగులు వస్తేనే మూల సరిపోయిందని చెప్పే పురికొస. పన్నెండు వందల ఏళ్ల కింద రాణి పక్కన పేరు చెక్కించుకున్నవాడి పనిముట్టు, మా ఆఫీసులో కూలీ వరుసలో పడింది.

శ్రీశైలం జలాశయం వచ్చినప్పుడు మా దిక్కు కూడవెల్లి సంగమేశ్వరాలయం మునిగే చోట ఉంటే, రాళ్లన్నిటికీ నంబర్లు వేసి, విప్పి, ఆలంపురం తెచ్చి మళ్లీ నిలబెట్టారు. చూడ్డానికి పోయినప్పుడల్లా నాకు ఆ నంబర్లు వేసినవాళ్లు గుర్తొస్తారు. ఏ రాయి ఏ రాయి మీద కూర్చోవాలో తప్పకుండా రాసుకున్నవాళ్లు. ఎక్కడా వాళ్ల పేరు నాకు కనపడలేదు.

ఇప్పుడు సంగతి వేరే. 2020లో టీఎస్ బీపాస్ అనే ఆన్‌లైన్ పర్మిషన్ల పద్ధతి వచ్చాక 75 గజాల లోపు చిన్న ఇంటికి పర్మిషనే అక్కర్లేదు, రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలన్నారు. 600 గజాల లోపు, పది మీటర్ల ఎత్తులోపు ఇళ్లకు సొంత ధ్రువీకరణ మీద ఆన్‌లైన్లో వెంటనే అనుమతి అన్నారు. మంచిదే. ఫైలు ఏ బల్ల మీద పడుకుందో తెలుసుకోవడానికి ఓవర్సీర్ సార్లు అక్కర్లేదు. కానీ ప్లాను గీసేవాడు ఒక చోట, దాని మీద సంతకం ఇంకో చోట, ఎలివేషన్ బొమ్మ ఫోనులో ఎక్కడి నుంచో, కట్టేవాళ్లు ఒడిశా, బిహార్ నుంచి. అప్పట్లో మావాళ్లు ఎక్కడికో పోయినట్టే, వీళ్లు ఇక్కడికి వచ్చారు. వీళ్లు నలుగురూ ఒక్కసారైనా ఒక గదిలో కలవరు. “గీ అర్ర సీకటైతది” అని చెప్పేవాడు ఉన్నా, చెప్పేందుకు పొద్దుగూకాక వెళ్లే ఆఫీసు లేదు. మా ఆఫీసులో కూడా అంతే. నేను డిజైను చేసిన బిల్డింగుల్లో సగం నేను కంటితో చూడలేదు.

అందుకే నేను అడిగేది పెద్దదేమీ కాదు. ప్లాను మూలన ఇంకొక గడి. కట్టినవారు, అని. గేటు పక్కన పాలరాతి మీద అమ్మానాన్నల పేర, దేవుడి పేర నిలయాలు చెక్కిస్తాం కదా, అడుగున ఒక్క వరుస మేస్త్రి పేరు చెక్కిస్తే రాయి అరగదు. దీనివల్ల ఆయనకు వాటా వస్తుందా అని మా ఆఫీసులో ఒకాయన వెటకారంగా అడిగాడు. రాదు. కానీ పేరున్న మనిషిని కూలీ వరుసలో రాసేటప్పుడు చెయ్యి కొంచెమైనా తడబడుతుంది. వాటా అడిగేందుకు మొదట పేరుండాలి.

నేను నా వంతుగా ఆ టీచరు గారి ఇంటిని కంప్యూటరు మీద ఆటోక్యాడ్‌లో మళ్లీ గీశాను, కాగితం మీద ఉన్నట్టు కాదు, కట్టినట్టు. 19 మెట్లు, పది అంగుళాలు జరిగిన స్టోరు గోడ. మూలన నాలుగు గళ్లు. నాలుగో దాంట్లో మేస్త్రి మామ పూర్తి పేరు. మంచి కాగితం మీద ప్రింటు తీయించి, పాత అమ్మోనియా ప్రింటు కూడా పెట్టుకుని మళ్లీ దేవరకద్ర పోయాను. సంతోషపడతాడనుకున్నాను.

కొత్త ప్రింటు అందుకున్నాడు. ఈసారి చేత్తో పట్టుకునే చూశాడు. గళ్ల దిక్కు చూడనే లేదు. వేలు నేరుగా మెట్ల మీదికి పోయింది, అక్కడి నుంచి స్టోరు గోడ మీదికి.

“ఇది తప్పు,” అన్నాడు.

పాతది తిప్పి వెనక గీతలు చూపించాను. “నువ్వే రాసినవ్ కద మామా, పది అని.”

“రాసినప్పుడు పదే. ఇటుక తొమ్మిది అంగుళాలు గద బిడ్డా. గోడ ఒక ఇటుక పక్కకు జరిపినం. తొమ్మిది అని దిద్దుకో.”